జింకు పోత మీద కంచు రంగు: ఇంటి అలంకరణకు చేసిన నైట్ యోధుల జంట ప్రతిమల పరిరక్షణ – కేస్ స్టడీ

వస్తువులు, అవి వచ్చిన స్థితి

ఈ కేసులోని వస్తువులు ఇంటి అలంకరణ కోసం పోతపోసిన రెండు మధ్యయుగ నైట్ యోధుల (యూరప్‌లో కవచం తొడుక్కుని గుర్రం మీద పోరాడిన వీరుల) ప్రతిమలు. పీఠాన్ని మినహాయిస్తే ఒక్కొక్కటి 58 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్‌లో స్థిరపడిన తెలుగు దంపతులు, తాము కొనుక్కున్న విక్టోరియా కాలపు ఇంటి ముందుగదిలో, ఫైర్‌ప్లేస్ గట్టు మీద గడియారానికి అటూ ఇటూ నిలబెట్టడానికి వీటిని ఒక వేలంలో కొన్నారు. అది ఈ ప్రతిమలకు తగిన చోటే. నడుమ గడియారం, చెరో పక్క ఒక ప్రతిమ ఉండే మూడు వస్తువుల సెట్లు పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ నుంచి విరివిగా వచ్చేవి, మధ్యతరగతి ఇళ్లలో ఆ గట్టు మీదే కొలువుతీరేవి.

వేలం జాబితాలో వీటిని కంచు విగ్రహాలని వర్ణించారు. అవి కంచువి కావని ఎత్తి చూసిన మరుక్షణమే తెలిసిపోయింది. ఇక స్థితి విషయానికొస్తే, మొదటి యోధుడి కుడికాలు చీలమండ దగ్గర విరిగింది. గతంలో ఎవరో లోపల ఉక్కు కమ్మీ దూర్చి, ఎపాక్సీ జిగురు దట్టించి అతికించడం వల్ల యోధుడు ముందుకు తూలుతున్నట్టు నిలబడ్డాడు. రెండో యోధుడి పిడికిలిలో ఉండవలసిన కత్తి లేదు. రెండు ప్రతిమలనూ తల నుంచి పీఠం దాకా బంగారు రంగు స్ప్రే పెయింటుతో కప్పేశారు. ఆ పెయింటు కింద, ముఖ్యంగా మోకాళ్ల మడతల్లోనూ అంగీ అంచుల వెంటా, చిన్నచిన్న పొక్కులు లేచి, కొన్ని పగిలి తెల్లటి పొడి రాలుతోంది. పీఠాల ముందుభాగంలో ఒకప్పుడు పేరుపలక బిగించిన గుర్తుగా రెండేసి స్క్రూ రంధ్రాలు మిగిలాయి. పలకలు లేవు.

ఇంటివారు నన్ను అడిగినవి మూడు: విరిగిన కాలు నిలబెట్టడం, కత్తి చేయించడం, రెండింటినీ ఇత్తడిలా మెరిపించడం. మొదటిది చేశాను, రెండోది చేశాను, మూడోది చేయనన్నాను. ఎందుకు చేయనన్నానన్నదే ఈ కేసుకు ఆయువుపట్టు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

లోహం ఏది, పైపొర ఏది

ప్రతిమ అడుగున, ఎవరి కంటా పడని చోట, సూదిమొనతో చిన్న గీత గీసి చూస్తే లోపలి లోహం నీలిఛాయ ఉన్న వెండిబూడిద రంగులో కనిపించింది. కంచైతే ఆ గీత పసుపు, ఎరుపు కలిసిన రంగులో ఉండేది. వేలితో తట్టితే కంచు మోగినట్టు మోగలేదు, మొద్దు శబ్దం వచ్చింది. ఎక్స్‌రేలు పంపి లోహాన్ని గుర్తించే, చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరికరంతో పరీక్షించినప్పుడు లోపలి లోహం కొద్దిపాటి సీసం కలిసిన జింకు అనీ, దాని మీద పలచటి రాగి పొర ఉందనీ నిర్ధారణ అయింది. పాతవస్తువుల వ్యాపారంలో ఈ పోతను స్పెల్టర్ అంటారు.

జింకు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కంచు కరగాలంటే సుమారు 950 డిగ్రీలు కావాలి. ఈ ఒక్క తేడా పందొమ్మిదో శతాబ్దపు అలంకరణ వస్తువుల బజారును మార్చేసింది. 1830ల్లో బెర్లిన్‌లో మోరిట్జ్ గైస్ అనే పోతపనివాడు జింకును కళాకృతులకు వాడి చూపించాడు. సైలీషియా, బెల్జియం గనుల నుంచి లోహం చవకగా వచ్చి పడుతుండటంతో ఆ పని పారిస్‌కూ, ఆ తరవాత అమెరికాకూ పాకింది. తక్కువ వేడి చాలు కాబట్టి లోహపు అచ్చులనే పదేపదే వాడుకోవచ్చు. ఒక్కో ప్రతిమకూ కొత్తగా మైనపు నమూనా గానీ ఇసుక అచ్చు గానీ చేసుకోనక్కర్లేదు. అచ్చులోకి కరిగిన జింకు పోసి, గోడలకు ఆనుకున్న భాగం గడ్డకట్టిన వెంటనే, మిగిలిన ద్రవాన్ని తిరిగి వంపేస్తారు. లోపల డొల్లగా, రెండు మూడు మిల్లీమీటర్ల మందమున్న పెంకు మిగులుతుంది. తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా పోసి టంకంతో అతుకుతారు. ఈ యోధుల భుజాల మీది కవచపు పలకల కిందా, నడికట్టు కిందా టంకపు అతుకులు దాక్కుని ఉన్నాయి. కవచం అనే వేషం ఈ పోతపద్ధతికి అంత అనువుగా ఉండటానికి కారణం అదే: ఎక్కడ అతుకు వేయాలో అక్కడ ఏదో ఒక అంచు, పట్టీ, మడత ఉండనే ఉంటుంది.

అచ్చులోని రెండు సగాలు కలిసిన గీత మాత్రం దాక్కోలేదు. తొడ పక్కగా, గొలుసు కవచం ఉన్నచోట భూతద్దంతో చూస్తే, వరసవరసలుగా చెక్కిన చిన్న వంపుగీతలు ఆ గీత దగ్గర ఒక్కసారిగా అర వరస కిందికి జారతాయి. ఆకురాయితో గీతను నున్నగా చేసిన పనివాడు అక్కడి వంపులను కూడా అరగదీశాడు. ఆ తరవాత ఉలిమొనతో నాలుగైదు వంపులు చేత్తో మళ్లీ దిద్దాడు. వాటి లోతు, వాలు మిగిలినవాటికి భిన్నంగా ఉన్నాయి. ఊరూ పేరూ తెలియని ఆ పనివాడి చెయ్యి ఈ ప్రతిమలో సూటిగా కనిపించేది ఆ ఒక్కచోటే.

జింకు పెంకును అలాగే వదిలేస్తే అది తగరపు డబ్బా రంగులో ఉంటుంది, ఎవరూ కొనరు. కాబట్టి దానికి విద్యుత్తుతో రాగి మలాము వేసేవారు. మామూలు కాపర్ సల్ఫేట్ తొట్టిలో జింకును ముంచితే కరెంటు పెట్టకముందే రాగి పొడిపొడిగా పేరుకుని రాలిపోతుంది గనక, ముందు సయనైడ్ తొట్టిలో గట్టి పొర ఎక్కించేవారు. ఆ రాగి మీద రసాయనాలతో గోధుమ, ఆకుపచ్చ ఛాయలు తెప్పించి, దాని మీద రంగు కలిపిన లక్క వార్నిష్ పూసేవారు. కవచపు అంచులను కొంచెం రుద్ది తేలిక చేసి, మడతల్లో ముదురు వదిలేస్తే పాతకంచులా కనిపిస్తుంది. కొన్న మనిషి చూసింది, ముచ్చటపడింది, డబ్బిచ్చింది ఈ పైపొరకే. రూపం అచ్చు నుంచి వచ్చింది, అదే అచ్చులోంచి వందల బొమ్మలు వచ్చి ఉంటాయి. రంగు వేసిన పని మాత్రం ఒక్కో ప్రతిమకూ విడిగా జరిగింది. అందుకే ఈ ప్రతిమలో కాపాడవలసినది ముందుగా ఆ పైపొరే అని నా నిశ్చితాభిప్రాయం.

మన బిదరీ పనిని దగ్గర నుంచి చూసినవారికి ఈ తర్కం కొత్తగా అనిపించదు. బిదరీ సామాను కూడా జింకుతో పోతపోసినదే, అందులో కొద్దిగా రాగి కలుస్తుంది. బీదరు కోట మట్టిలో నవాసాగరం కలిపి పట్టించినప్పుడు వచ్చే నల్లటి పైఛాయ లేకపోతే వెండి పొదుగు కంటికి ఆనదు. ఆ నలుపును ఎవరైనా తోమేస్తే మిగిలేది బిదరీ కాదు. జింకు గురించి ఇంకొక సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నిజమైన నైట్‌లు యూరప్‌లో బతికిన శతాబ్దాల్లో రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర జింకును బట్టీపట్టి లోహంగా తీస్తున్నారు. యూరప్‌లో ఆ విద్యకు పేటెంటు 1738లో, బ్రిస్టల్‌లో విలియం చాంపియన్ పేరిట నమోదైంది. అంటే ఈ బొమ్మలు ఏ యోధులను చూపిస్తున్నాయో ఆ యోధుల కాలంలో, వారి దేశాల్లో, ఈ లోహాన్ని తీయడమే ఎవరికీ చేతకాదు.

ఏ కాలపు యోధులు

ఇంటి యజమానురాలు మొదట అడిగిన ప్రశ్న, “వీళ్లు ఏ శతాబ్దం వాళ్లండీ?” అని. పిల్లలు అడుగుతున్నారట. పోయిన పేరుపలకల స్థానంలో కొత్త పలక చేయించి, దాని మీద శతాబ్దం రాయించాలని ఆమె కోరిక. జవాబు కోసం రెండు ప్రతిమల కవచాలనూ తల నుంచి పాదం దాకా విడివిడిగా పరిశీలించాను.

మొదటి యోధుడి ఉరఃకవచం బఠానీ కాయలా నడుము దగ్గర కిందికి మొనదేలి ఉంది. అది పదహారో శతాబ్దపు రెండో సగం నాటి పోకడ. అప్పటి పెద్దమనుషుల కోట్లకు కూడా అదే ఆకారం ఉండేది. దాని కింద వేలాడుతున్న వస్త్రపు అంగీ పన్నెండు, పధ్నాలుగో శతాబ్దాల మధ్య గొలుసు కవచం మీద తొడుక్కునేది. పాదాల మీద ముందువైపు వెడల్పుగా, చదునుగా ఉన్న తొడుగులు 1500 తరవాత కొన్ని దశాబ్దాల పాటు జర్మన్ దేశాల్లో వాడుకలో ఉన్న రకం. రెండో యోధుడి తల మీద ఉన్నది అంచులు పడవలా పైకి లేచిన మోరియన్ టోపీ. అది గుర్రపు యోధులది కాదు, పదహారో శతాబ్దపు కాల్బలానిది. ఒకే ఒంటి మీద మూడు శతాబ్దాలు కలిసి నిలబడ్డాయి. ఏ నైట్ కూడా ఇలా ముస్తాబై యుద్ధానికి వెళ్లలేదు.

మోచేతి దగ్గర చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో ఉన్న అసలైన పలక కవచాల మోచేతుల దగ్గర సన్నటి రేకులు ఒకదాని మీద ఒకటి జారేలా రివిట్లతో, లోపల తోలుపట్టీలతో కూర్చి ఉంటాయి. చెయ్యి వంగినప్పుడు అవి తెరుచుకుంటాయి, ముడుచుకుంటాయి. ఒంటికి పట్టేలా కొలిచి చేసిన, ఇరవై పాతిక కిలోల ఆ కవచంలో మనిషి పరుగెత్తగలడు, గుర్రమెక్కగలడు. మన ప్రతిమ మోచేతి తొడుగు మాత్రం పైచేతి కవచంతో ఏకంగా ఉంది. రేకుల్లేవు, బకిల్ లేదు, పట్టీ లేదు. నిజంగా అలాంటిది తొడుక్కుంటే ఆ చెయ్యి వంగదు. శిల్పి చూసింది కవచం ఎలా పనిచేస్తుందని కాదు, వెలుతురు దాని మీద ఎలా పడుతుందని.

ఇది తప్పు అని నేను అనుకోవడం లేదు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌కు మధ్యయుగం ఒక కల. మధ్యయుగ వీరుల కథలు రాసిన వాల్టర్ స్కాట్ నవలలు చదివి పెరిగిన తరం అది. 1839 ఆగస్టులో స్కాట్లాండ్‌లో ఎగ్లింటన్ పదమూడో ఎర్ల్ తన కోట దగ్గర నైట్‌ల బల్లెపు పోటీలను మళ్లీ జరిపిస్తే, కుండపోత వానలోనూ జనం వేలాదిగా తరలివచ్చారు. 1848లో బ్రస్సెల్స్‌లో క్రూసేడు (మధ్యయుగపు మతయుద్ధం) నాయకుడు గాడ్‌ఫ్రే విగ్రహం వెలిసింది. 1851 లండన్ మహాప్రదర్శనలో కార్లో మరోకెట్టి చేసిన రిచర్డ్ రాజు అశ్వారూఢ విగ్రహం జనాన్ని ఆకట్టుకుంది, దాని కంచు ప్రతి 1860లో బ్రిటిష్ పార్లమెంటు భవనం ముందు నిలబడింది. కూడళ్లలో రాజులు చేసుకున్న పనినే గుమాస్తాలు, దుకాణదారులు తమ ముందుగదిలో చేసుకోవడానికి జింకు పోత వీలు కల్పించింది. కవచాల కాలనిర్ణయం తెలిసిన పండితులు అప్పటికే లేకపోలేదు. శామ్యూల్ మెయ్‌రిక్ 1824లోనే ఆ విషయం మీద మూడు సంపుటాలు వెలువరించాడు. తెలిసినా, బొమ్మ అమ్ముడుపోవడానికి ఆ పట్టింపు అక్కర్లేకపోయింది.

రెండు పీఠాల అడుగునా ‘ఫ్రాన్స్’ అన్న ముద్ర ఉంది. దిగుమతి సరుకు మీద మూలదేశం పేరు ముద్రించే అలవాటు బ్రిటన్ 1887లో, అమెరికా 1890లో చేసిన చట్టాల తరవాత స్థిరపడింది. అందువల్ల వీటిని 1890 ప్రాంతానికీ, ఆ తరవాతి రెండు మూడు దశాబ్దాలకూ చెందినవిగా నిర్ణయించాను. పలక మీద శతాబ్దం రాయించవలసి వస్తే అది పందొమ్మిదో శతాబ్దపు చివర లేదా ఇరవయ్యో శతాబ్దపు మొదలు అని రాయించాలనీ, పిల్లలకు ఇవి నైట్‌లను కలగన్న మనుషులు చేసిన బొమ్మలని చెప్పాలనీ ఆమెకు సూచించాను. చివరికి పలక చేయించలేదు, స్క్రూ రంధ్రాలు అలాగే ఉన్నాయి.

చింతపండు ఎందుకు వద్దన్నాను

ప్రతిమలు చూడటానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ, “ఇత్తడే కదా బాబూ, చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయి, దీనికి ఇంత ఆలోచనెందుకు?” అన్నారు. పూజ సామాను, బిందెలు దశాబ్దాల తరబడి తోమిన చేతులు అవి. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఆవిడ తోమినది నిఖార్సయిన ఇత్తడి. అడుగు దాకా ఒకే లోహం ఉన్న వస్తువు మీద ఆమ్లం పైన పట్టిన చిలుమును కరిగిస్తుంది, కింద అదే లోహం మళ్లీ బయటపడుతుంది.

ఇక్కడ అడుగున జింకు, మీద రాగి. ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో డేనియల్ ఘటం చదువుకున్నవారికి ఈ రెండు లోహాలూ తడిలో కలిస్తే ఏమవుతుందో తెలుసు: వాటి మధ్య 1.1 వోల్టుల తేడా ఉంటుంది, జింకు కరుగుతుంది, రాగి నిలుస్తుంది. మలాము పొరలో కంటికి కనిపించని సూదిబెజ్జాలు ఎన్నో ఉంటాయి. చింతపండు పులుసు గానీ, నిమ్మరసం గానీ, బజారులో దొరికే అమ్మోనియా పాలిష్ గానీ ఆ బెజ్జాల్లోంచి దిగితే లోపలి జింకును తినడం మొదలుపెడుతుంది. జింకు ఆమ్లానికీ లొంగుతుంది, గాఢమైన క్షారానికీ లొంగుతుంది. కడిగేసి తుడిచినంత మాత్రాన లోపలికి ఇంకినది బయటకు రాదు. కొన్ని నెలల్లో జింకు తెల్లటి పొడిగా మారి, ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, మీది రాగి పొరను పొక్కులా పైకి లేపి పగలగొడుతుంది. మన యోధుల మోకాళ్ల దగ్గర జరిగింది అచ్చంగా అదే. బంగారు పెయింటు వేయడానికి ముందు ఎవరో వీటిని ఏదో ద్రావణంతో గట్టిగా శుభ్రం చేసి ఉంటారనడానికి, పొక్కులు సరిగ్గా నీరు నిలిచే మడతల్లోనే ఉండటం బలమైన ఆధారం.

ఇదంతా పొక్కు పగిలిన చోటు భూతద్దంలో చూపిస్తూ పెద్దావిడకు వివరించాను. ఎర్రటి రాగి పొర ఉల్లిపొర కంటే పలచగా, పైకి చుట్టుకుని ఉంది; కింద తెల్లటి గుంట. ఆవిడ కాసేపు చూసి, “అయితే పొడిగుడ్డతో కూడా రుద్దకూడదన్నమాట,” అన్నారు. ఆ ఇంట్లో ఆ తరవాత వాటి మీద గుడ్డ పడలేదు.

పెయింటు తొలగించడం

పని అంతటిలోకీ ఎక్కువ జాగ్రత్త కోరినది ఇదే. బంగారు పెయింటు కింద అసలు లక్క వార్నిష్ మిగిలి ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. పెయింటు రాలిన చోట్ల అతినీలలోహిత దీపం కింద చూస్తే లక్క నారింజ రంగులో మెరిసింది. వీపు మీద, అంగీ మడతల్లో, కవచపు పలకల కింద అది దాదాపు చెక్కుచెదరలేదు. ముక్కు, మోకాలి చిప్ప, పిడికిలి వంటి ఎత్తైన చోట్ల అరిగిపోయింది.

లక్క ఆల్కహాలులో కరుగుతుంది, ఎసిటోన్ తగిలితే ఉబ్బుతుంది. కాబట్టి మామూలుగా పెయింటు తీయడానికి చేతికి వచ్చే ఆ రెండూ ఇక్కడ పనికిరావు. అవి వాడితే పెయింటుతో పాటు, దేనికోసం పెయింటు తీస్తున్నామో అదే పోతుంది. మీది పెయింటు అక్రిలిక్ స్ప్రే కాబట్టి అది జైలీన్‌లో మెత్తబడుతుంది, లక్క మాత్రం జైలీన్‌కు లొంగదు. పీఠం వెనకవైపు గోరంత చోట పరీక్షించి, లక్క కదలడం లేదని తేల్చుకున్న తరవాత, జైలీన్‌ను చిక్కటి జెల్‌గా చేసి చిన్నచిన్న భాగాలుగా పట్టించాను. జెల్ వల్ల ద్రావకం పైన ఉన్నచోటే ఉండి, బెజ్జాల్లోకి దిగకుండా ఆగుతుంది. మెత్తబడిన పెయింటును దూదిచుట్టిన పుల్లతో దొర్లించి ఎత్తాలి, రుద్దకూడదు. జైలీన్ ఆవిరి ప్రమాదకరం. గాలిని బయటకు లాగే ఏర్పాటు, తగిన మాస్కు, గ్లవుజులు లేకుండా ఇంట్లో ఎవరూ ఈ ప్రయత్నం చేయకూడదు.

పెయింటు పోయాక బయటపడిన రంగు ఇంటివారిని ఆశ్చర్యపరిచింది. వాళ్లు ఊహించినట్టు అది ఒకే గోధుమ రంగు కాదు. కవచం ముదురు గోధుమ, అంగీ ఆకుపచ్చ కలిసిన నలుపు, ముఖం కొంచెం ఎర్రటి రాగి ఛాయ. మొదటి యోధుడి నడికట్టు మీద సన్నటి గీతగా బంగారు పొడి పూత కూడా దొరికింది. ఒకే లోహపు తోలు మీద బట్ట, ఇనుము, ఒంటి చర్మం అనే మూడు తేడాలు చూపించడానికి ఆ రంగులద్దిన మనిషి పడ్డ పాటు అంతా స్ప్రే డబ్బా కింద సమాధి అయిపోయి ఉంది. మెరిపించమన్న కోరిక ఆ రోజుతో ఇంటివారే వదులుకున్నారు.

పొక్కులు పగిలిన చోట్ల తెల్లటి పొడిని భూతద్దం కింద వెదురు పుల్లతోనూ, చిన్న కత్తిమొనతోనూ తీశాను. ఏ రసాయనమూ వాడలేదు. పైకి లేచినా ఇంకా ఊడని రాగి పొరలను పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెజిన్ పలచటి ద్రావణంతో నెమ్మదిగా తడిపి కిందికి అణిచాను. పొర పూర్తిగా పోయిన చోట మళ్లీ మలాము వేయలేదు. దానికి ప్రతిమను మళ్లీ తొట్టిలో ముంచాలి, అలా ముంచితే మిగిలినదీ పోతుంది. ఆ మచ్చలను పొడిరంగులు కలిపిన అదే రెజిన్‌తో చుట్టుపక్కల ఛాయకు సరిపడా దిద్దాను. జైలీన్ తగిలించిన దూదితో ఆ దిద్దుబాటును ఎప్పుడైనా తీసేయవచ్చు.

చీలమండ

విరిగిన కాలి ఎక్స్‌రే చిత్రంలో ఉక్కు కమ్మీ పిక్క సగం దాకా ఏటవాలుగా వెళ్లినట్టు కనిపించింది. యోధుడు ముందుకు తూలడానికి కారణం ఆ వాలే. ఉక్కు కూడా తడిలో జింకును తినేదే కాబట్టి దాన్ని అలా ఉంచే ప్రసక్తి లేదు. ఎపాక్సీ సుమారు అరవై డిగ్రీల వేడికి కొంత మెత్తబడుతుంది. లక్క కూడా అంతకంటే కొంచెం మీద మెత్తబడుతుంది. అందువల్ల పైభాగాన్ని చల్లగా ఉంచుతూ, విరిగిన అంచు దగ్గర మాత్రమే వేడిగాలి తగిలించి, జిగురును పొరలు పొరలుగా చెక్కి, కమ్మీని వెనక్కి లాగాను. జింకు పోత చలిలో పెళుసు. గది ఉష్ణోగ్రతలో బలంగా మెలితిప్పితే పింగాణీలా విరుగుతుంది. లాగే ప్రతిసారీ కాలిని చుట్టూ ఇసుక సంచులతో పొదిగి పట్టి ఉంచవలసి వచ్చింది.

చాలామంది అడిగే ప్రశ్న: మొదట చేసినప్పుడు టంకంతోనే అతికారు కదా, ఇప్పుడు టంకం ఎందుకు వేయకూడదు? మొదట టంకం వేసినప్పుడు ప్రతిమకు మలాము లేదు, లక్క లేదు. ఇప్పుడు వేస్తే సీసం–తగరం టంకానికి అవసరమయ్యే 180 డిగ్రీల పైచిలుకు వేడికి చుట్టూ అంగుళం మేర రంగు మాడిపోతుంది. అంతేకాక టంకానికి వాడే జింక్ క్లోరైడ్ ఫ్లక్స్ డొల్ల కాలిలోపల మిగిలిపోతే దాన్ని కడగడానికి దారి ఉండదు. గాలిలోని తేమను పీల్చుకుంటూ లోపలి నుంచి జింకును తింటూ ఉంటుంది.

ఉక్కుకు బదులు గ్లాస్ ఫైబర్ కమ్మీ వాడాను. అది లోహం కాదు కనక జింకుతో ఏ తగాదా ఉండదు. విరిగిన అంచులకు ముందుగా పారలాయిడ్ బి-72 పూత వేసి ఆరనిచ్చి, దాని మీదే ఎపాక్సీ పెట్టాను. అలా చేస్తే బలం ఎపాక్సీది, విడదీసే వీలు పారలాయిడ్‌ది. రేపు ఇంకొకరు ఈ కాలిని విప్పవలసి వస్తే జైలీన్‌తో ఆ మధ్యపొరను కరిగించి లోహానికి దెబ్బ తగలకుండా విప్పుకోవచ్చు. అంచులు చిట్లి పోయిన చిన్న ఖాళీలను సన్నటి గాజు గోళీల పొడి కలిపిన రెజిన్‌తో నింపి రంగు దిద్దాను. యోధుడు తన ఒరిజినల్ వాలుకు, అంటే బరువంతా ఎడమకాలి మీద మోపి కుడికాలు సడలించిన భంగిమకు, తిరిగి వచ్చాడు. ఆ భంగిమ కుదిరాకే మొండెం మెలికలోని అందం కనిపించింది.

కత్తి

ఇంటివారు అప్పటికే ఒక బొమ్మల దుకాణంలో దొరికిన క్రూసేడు కత్తి నమూనాను రెండో యోధుడి పిడికిలిలో పెట్టి చూశారు. పొడవు కుదరలేదు, పైగా అది ఇత్తడి. కొత్త కత్తి చేయవలసి వచ్చినప్పుడు దాని ఆకారాన్ని ఊహించడం కంటే ప్రతిమనే అడగడం మంచిది. పెయింటు తీసేశాక పీఠం మీద, కుడిపాదానికి ముందు, శనగగింజంత గుండ్రటి గుంట బయటపడింది. అంటే కత్తిమొన నేలకు ఆనించి ఉండేది. పిడికిలి రంధ్రం నుంచి ఆ గుంటకు గీత గీస్తే 31 సెంటీమీటర్ల పొడవూ, కత్తి వాలూ రెండూ దొరికాయి. అంగీ మీద, పిడికిలికి కాస్త కింద, లక్క అరిగి రాగి బయటపడ్డ సన్నటి అడ్డగీత ఒకటుంది. పిడి కింది అడ్డకమ్మీ అక్కడ ఏళ్ల తరబడి రాసుకోవడం వల్ల పడ్డ గుర్తు అది. కమ్మీ ఒక పక్క పొడవెంతో అది చెప్పింది.

ఈ కొలతలతో, అలంకారాలేవీ లేకుండా, సాదా పిడితో కత్తిని రెజిన్‌లో పోసి ప్రతిమ ఛాయకు రంగు వేశాను. పిడి అడుగున, పిడికిలిలో దాగే చోట, అది కొత్తదని తెలిపే సంవత్సరం చెక్కాను. జిగురు పెట్టలేదు, ఊడదీయడానికి వీలుగా వదిలాను. పిడి మీద అసలు కత్తికి నగిషీ ఉండి ఉండవచ్చు. ఆధారం లేని నగిషీ చెక్కడం ఆ శిల్పి పేరున నేను కొత్త పని చేయడమే అవుతుంది, అది నాకు సమ్మతం కాదు.

నిలబెట్టిన చోటు

రెండింటికీ చివరగా మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పట్టించి, మెత్తటి బ్రష్షుతో సానపెట్టాను. పీఠాల కింద తుప్పుపట్టిన ఇనుప నట్లు మార్చి, కొత్తవాటికీ జింకుకూ మధ్య నైలాన్ వాషర్లు వేశాను. ఫైర్‌ప్లేస్‌లో ఇప్పుడు గ్యాస్ హీటరు ఉంది. అది వెలిగినప్పుడు గట్టు నడిమి భాగం బాగా వేడెక్కుతుంది, ఆరినప్పుడు చలికి గోడ చెమరుస్తుంది. జింకుకు ఈ రాకపోకలు పడవు. అందువల్ల ప్రతిమలను గట్టు రెండు కొసలకూ, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరిపాం. గదిలో తేమ 55 శాతం దాటకుండా చూడమన్నాను. దుమ్ము దులపడానికి మెత్తటి వెంట్రుకల బ్రష్షు మాత్రమే వాడాలి. ఎత్తవలసి వస్తే రెండు చేతులతో, ఒక చెయ్యి పీఠం కిందా మరొకటి నడుము దగ్గరా పట్టాలి; చేతిని గానీ కత్తిని గానీ పట్టి ఎత్తకూడదు. ఓక్ చెక్క అలమారలో మూసిపెట్టవద్దని కూడా చెప్పాను, ఆ చెక్క విడిచే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి జింకును తెల్లబరుస్తుంది.

ఇలాంటివి విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఉప్పుగాలి వల్ల జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, అక్కడ కిటికీ దగ్గర అసలు పెట్టకూడదు. మన ఊళ్లలో ఇప్పుడు అలంకరణ దుకాణాల్లో దొరికే నైట్ బొమ్మలు మాత్రం ఎక్కువగా పాలీరెజిన్‌వి. తట్టితే ప్లాస్టిక్ మోత మోగుతుంది, పట్టుకుంటే లోహంలా చల్లగా తగలదు. వాటికి ఈ బాధలేవీ లేవు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు.

శీతాకాలం ఒకటి గడిచాక ప్రతిమలను మళ్లీ పరీక్షించాను. చీలమండ అతుకు కదలలేదు. మొదటి యోధుడి ఎడమ మోకాలి మడతలో, నేను అణిచిన రాగి పొర పక్కనే, ఆవగింజంత కొత్త తెల్లమచ్చ ఒకటి వచ్చింది. లోపల ఇంకా పాత ద్రావణపు శేషం ఉందనడానికి అది గుర్తు. దాన్ని పొడిగా తీసి, ఫొటోతో కొలతతో నమోదు చేసి, ఆ ఒక్కచోట మైనం మళ్లీ పట్టించాను. మిగతా మడతలు శుభ్రంగా ఉన్నాయి. వచ్చే శీతాకాలం తరవాత ఆ మోకాలినే ముందు చూడాలని ఫైలులో రాసి ఉంచాను.